లారీ ఎక్కి వచ్చిన క్రిస్మస్ తాత

మా నర్సరీలో డిసెంబరు వచ్చిందంటే పిల్లలకన్నా ముందు మంకీ క్యాపులు లోపలికి వస్తాయి. సాలూరు చలి మరి అలాంటిది. కొండల మీంచి దిగిన పొగమంచు ఎండ బాగా ఎక్కితే గానీ కదలదు. అందాకా పిల్లల్ని వరండా ముందు ఎండపొడలో కూచోబెట్టి, రంగు కాగితాల నక్షత్రాలు అట్టల మీద అంటించమంటాం. వాళ్లు ఒకరి నుదుట ఒకరు అంటించుకుంటారు. కారే ముక్కులు తుడిచీ తుడిచీ నా చీర కొంగు నెలంతా గంజి పెట్టినట్టు నిలబడి ఉంటుంది. పిల్లలు దేవుళ్లంటారు గానీ, ఆ అన్నవాళ్లను ఒక్క పూట మా నర్సరీకి పంపాలని నాకెప్పుడూ కోరిక.

పొద్దున్నే గేటు దగ్గర మొదట కనిపించే మనిషి అప్పలసూరి. ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. సుంకి ఘాటీలో ఏ మలుపు దగ్గర హారన్ కొట్టాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అదే కూతురు చిన్నప్పుడు బళ్లో ఏ డాన్సు వేసిందని అడగండి, తల వంచుకుంటాడు. ఒక్క స్కూలు పండగా చూడలేదు పాపం, ప్రతిసారీ లోడు మీదే ఉన్నాడు. కిందటేడు స్టీరింగు వదిలేశాక, కూతురి కూతురు అమ్మడుని బడికి తేవడమే ఆయన డ్యూటీ. నాలుగేళ్ల అమ్మడు మోపెడు మీద ముందు నిలబడి, ఎవరు అడ్డొచ్చినా తానే తిడుతుంది.

నర్సరీ పెట్టింది లీలారాణి టీచరు, బాప్టిస్టు చర్చి పక్కనే ఇల్లు. ఏటా పండగకి వారం ముందు మాకు సెమీ క్రిస్మస్. క్రిస్మస్ తాత వేషం ఎప్పుడూ చర్చి పెద్ద సత్యానందం గారిదే. ఈసారి ఆయన మోకాలు మొరాయించింది. ఎర్ర కోటేమో ఆయన పొట్ట కొలతకి కుట్టించింది. మా పేటలో ఆ పొట్టకి దీటైన పొట్ట అప్పలసూరిదొక్కటే. కులమా మతమా అని ఎవరూ అడగలేదు, టేపు పెట్టి కొలిచారు, అంతే.

“నాను వస్తాను టీచరమ్మా. గానీ మా అమ్మడు నా ఒళ్లో కూకోవాల. మా పిల్ల సిన్నప్పుడు నాకా భాగ్యం నేదు. అది కూకోకపోతే నాకీ కోటెందుకు?” అన్నాడు.

“ఎందుకు కూకోదన్నయ్యా, నీ మనవరాలే కదా!” అంది లీలారాణి టీచరు.

“అయితే సరే. ఆ తాత ఏ బండి మీదొస్తాడేటి?”

“మంచు బండి. జింకలు లాగుతాయి.”

“జింకలంటే ఫారెస్టోలు పట్టుకుంటారు తల్లీ. బండి సంగతి నాకొగ్గేయండి.”

ఒగ్గేశాం. అదీ మా తెలివి.

సెమీ క్రిస్మస్ రోజు లీలారాణి టీచరు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. యేసు పుట్టుక నాటకానికి పిల్లలు యోసేపు, మరియ, కాపరుల వేషాల్లో పశువుల పాకలో సర్దుకున్నారు. ఒంటినిండా పత్తి అంటించుకున్న గొర్రెల్లో ఒకటి మా అమ్మడు. అప్పుడు గేటు ముందుకి పది చక్రాల లారీ వచ్చి ఆగింది. బంతిపూల దండలు, అద్దం మీద పసుపు కుంకుమ. ఎర్ర కోటు, పత్తి గడ్డం, పత్తి జుట్టుతో అప్పలసూరి దిగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ ఠపీమని కొట్టాడు. సాలూరులో కొత్త పనికి వెళ్లే బండికి ఆ మర్యాద జరగాల్సిందే, క్రిస్మస్ తాత బండి అయితే మాత్రం తీసిపోయిందా! లీలారాణి టీచరు ఒక కన్ను తెరిచింది, చూసింది, మళ్లీ మూసుకుంది. “ప్రభువా, నువ్వే సూసుకో” అంది.

అంతటితో ఆగినా బాగుండేది. మళ్లీ లారీ ఎక్కి, లోపలికి తెచ్చి, హారన్ కొట్టాడు. ఘాటీ మలుపులో కొట్టే హారన్!

నర్సరీ మొత్తం ఒక్క గొంతుతో ఏడ్చింది. కాపరులు గొర్రెల వెనక దాక్కున్నారు. యోసేపు నిక్కరు తడిసింది. అమ్మడు కేకు పెట్టిన బల్ల కిందికి దూరి, గుడ్డ అడ్డం లాక్కుంది.

“రా బంగారం, గిఫ్ట్ ఇస్తాను” అని గొంతు మార్చి పిలిచాడు అప్పలసూరి.

“నాకొద్దు! నువ్వు ఎల్లిపో! మా తాత కావాల! మా తాతని పిలండి!”

ఆ తాత కోటు లోపలే ఉన్నాడు. చెప్పలేడు. గడ్డం తీస్తే అంతమంది పిల్లల క్రిస్మస్ తాత అక్కడికక్కడే గల్లంతు. కూతురి చిన్నప్పటి నుంచీ ఆ మనిషి ఎదురుచూసిన రోజు ఇది.

ఉన్నట్టుండి ఆయన వెనక్కి తిరిగాడు. నడుం వంచి, “పీ... పీ... పీ...” అంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఇంట్లో తాతా మనవరాళ్ల ఆట అది. తాత రివర్సు వచ్చే లారీ, అమ్మడు దారి చెప్పే క్లీనరు.

ఏడుపులు ఒక్కొక్కటే ఆగాయి. బల్ల కింది నుంచి సన్నగా వినబడింది. “రానీ.”

“పీ... పీ...”

“రానీ, రానీ... లెఫ్ట్ కొట్టు!”

లారీ ఊరు పిల్లలు కదా, ఎవరికి నేర్పాలి? దేవదూతలూ కాపరులూ అందరూ లేచారు. “రానీ! రానీ! రైట్ కొట్టు!” యోసేపు తడి నిక్కరుతోనే ట్రాఫిక్ ఆపుతున్నాడు. నేనూ అరిచాను, అబద్ధమెందుకు.

“హోల్డాన్! ఆపు!” అని అమ్మడు గట్టిగా అరిచింది. పత్తి జుట్టు చెవుల మీద దిగిపోయి ఉంది, ఆయనకి వినబడలేదు. ముప్పై ఏళ్లు ఒక్క యాక్సిడెంటు ఎరగని డ్రైవరు తిన్నగా వెళ్లి కేకు మీద కూచున్నాడు.

లీలారాణి టీచరు నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. పిల్లలు గాల్లోకి ఎగిరారు. అమ్మడు బల్ల కింది నుంచి పాక్కుంటూ వచ్చి, కోటుకంటిన క్రీము వేలితో తీసి నాకి, ఆయన ఒళ్లోకి ఎక్కి కూచుంది.

అప్పలసూరి సంతోషం పట్టలేకపోయాడు. తానే అని చూపించాలని చెయ్యి గడ్డం మీదికి పోయింది. అమ్మడు ఆ గడ్డాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఆయన చెవిలో చెప్పింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినబడింది.

“తియ్యకు తాతా. ఆళ్లు ఏడుస్తారు.”

ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, అందరికీ వినబడేలా అరిచింది. “క్రిస్మస్ తాతా! మా తాతకి కూడా ఒక గిఫ్ట్ ఇయ్యి!”

అప్పలసూరి అమ్మడుని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. కళ్లనీళ్లు పత్తి గడ్డంలోకి దిగుతున్నాయి.

“మీ తాతకి ముట్టిందమ్మా,” అన్నాడు, “ఇప్పుడే ముట్టింది.”