దురద కోసం ఎదురుచూసిన వేసవి

సాయంత్రం ఐదూ పదికి మా అత్త గూడ్స్ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేది. చెప్పులు వాకిట్లో వదిలి, కాళ్ళు కడుక్కుని, గోడకు వీపు ఆనించి కూర్చుని, ఎడమ చేతి గడియారం విప్పి, దాని కింద ఎర్రగా పొక్కిన చోటును పమిట చెంగుతో ఒత్తుకునేది. గోకేది కాదు. గోకితే నానమ్మ చూస్తుంది. ఆ రోజుల్లో, అంటే ఎనభైలు ముగింపుకొస్తున్న రోజుల్లో, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో గడియారం నగ కాదు, ఒంట్లో ఒక భాగం. ఎవరిని టైమెంతని అడిగినా "నాలుగూ ఇరవై మూడు" అని నిమిషంతో సహా చెప్పేవారు. "నాలుగున్నర కావొస్తోంది" అన్న మనిషి రైల్వేవాడు కాదని అక్కడికక్కడే తేలిపోయేది. (పక్క క్వార్టర్‌కు వచ్చిన చుట్టం ఒకాయన అలా అన్నందుకు, ఆ ఇంటాయన "తమరు బ్యాంకులోనా?" అని అడిగాడు. నిజంగా బ్యాంకే.)

అత్త చేతికున్న గడియారం నిజానికి మావయ్యది. మావయ్య గూడ్సు బండి గార్డు. నానమ్మకు సొంత తమ్ముడి కొడుకు, ఆవిడ చేతుల్లో పెరిగినవాడు, తర్వాత అల్లుడయ్యాడు. నేను స్కూల్లో ఉండగానే జ్వరం వచ్చి పోయాడు. పిల్లల్లేరు. అత్త తన తమ్ముడి క్వార్టర్‌కు, అంటే మా ఇంటికి, వచ్చేసింది. మావయ్య పోయినందుకు రైల్వేవాళ్ళు ఆమెకు గూడ్స్ ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. డ్యూటీలో చేరిన మొదటి రోజునే ఆయన స్టీలు గడియారం, స్టీలు గొలుసుతో సహా, చేతికి పెట్టుకుని వెళ్ళింది. మగవాళ్ళ గడియారం, మంచి బరువు. గొలుసులో లింకులు తీయించినా మణికట్టు మీద గాజులా తిరిగేది. ఎండాకాలం చెమటకు దాని కింద పొక్కులు లేచాయి. వేపాకు నూరి రాశారు. పసుపు రాశారు. మస్తూరీ నుంచి పాలు తెచ్చే ఆయన చెప్పిన ఏదో ఆకు కూడా రాశారు. కుదుదండ్‌లో ఉండే చర్మం డాక్టరు మలాము ఇచ్చి, కొన్నాళ్ళు గడియారం మానమన్నాడు. అత్త మలాము రాసుకుంది. గడియారం మానలేదు.

అసలు కారణం నానమ్మకు తెలుసు. "పోయినోల్ల వస్తువు ఒంటిమీద ఎట్టుకుంటే ఏటవుద్దే? ఇచ్చీమని ఆడు అడుగుతన్నాడు. ఆడి దారిని ఆడు ఎల్లాలా, ఒద్దా?" అనేది. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి తీర్పు కూడా చెప్పేసింది. గడియారాన్ని అర్పాలో కలిపెయ్యాలి. అర్పా మా ఊరి నది. వేసవిలో అందులో గడియారం మునిగేటన్ని నీళ్ళు కూడా ఉండవు గనక, తీర్పు అమలు వర్షాలదాకా వాయిదా పడింది. అత్త ఎదురు చెప్పలేదు. మావయ్య సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తేది కాదు. కానీ ఆ రోజుల్లో వాకిట్లోకి వచ్చినప్పుడల్లా ఆకాశం వైపు చూసేది.

నేను అప్పుడు బీఎస్సీ చదువుతున్నాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఫ్యాను బాగా తిరిగేది గనక మధ్యాహ్నాలు అక్కడే గడిపేవాణ్ణి. పాత ఇంగ్లీషు సైన్సు పత్రిక ఒకదానిలో చేతి గడియారాలకు వాడే లోహాల మీద వ్యాసం కనిపించింది. స్టీలులో నికెల్ కలుస్తుందని, చెమట తగిలినప్పుడు అది కొద్దికొద్దిగా బయటికి వస్తుందని, కొందరి చర్మానికి పడదని, టైటానియంతో ఆ పేచీ లేదని రాశారు. ఇంకా ఉంది. అదే గడియారం టైటానియంతో చేస్తే బరువు ఇంచుమించు సగానికి దిగుతుంది. చెమటకూ ఉప్పునీటికీ తుప్పు పట్టదు. చలికాలం చేతికి చల్లగా తగలదు. నేను పత్రిక మూసి ఎండలో ఇంటికి పరిగెత్తాను. ఆ వారమంతా టైటానియం తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా అదే. అమ్మ వినీ వినీ, "ఒరే, ఆ లోహంతో మూకుళ్ళు కూడా సేస్తారేటి? ఇది అడుగంటిపోతంది, ఒకటి తెప్పించు" అంది. అత్త మాత్రం ఓపికగా వినేది.

"బరువు సగమే అత్తా."

"అచ్ఛా."

"దురద అసలు రాదు."

"అచ్ఛా."

"మరి తెప్పించీమంటావా?"

"మీ మావయ్యది స్టీలేరా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. దాన్ని నేను సమాచారంగా తీసుకున్నాను. మావయ్య గడియారం స్టీలుదేనని నాకు ముందే తెలుసు గదా అనుకున్నాను.

విశాఖపట్నం హార్బర్‌లో అమ్మ తమ్ముడు పనిచేసేవాడు. ఆయనకు కబురు పెడితే, ఓడవాళ్ళ దగ్గర ఒక జపాను గడియారం బేరమాడి, తెలిసిన గార్డు చేతికిచ్చి పంపాడు. గడియారం ఒళ్ళూ గొలుసూ అంతా టైటానియమే. బూడిద రంగు. మా కాలనీలో గడియారం చేతికిస్తే ఎవరూ ముందు ముల్లు చూడరు, అరచేతిలో వేసి ఎగరేస్తారు. క్యారేజ్ షెడ్డులో ఫిట్టరైన మా నాన్న అలాగే ఎగరేసి, నా ముఖం కేసి చూసి, అమ్మకిచ్చాడు. అమ్మ నానమ్మకిచ్చింది. నానమ్మ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. "లోపల మిసను ఉన్నాదేట్రా? ఎట్టడం మరిసిపోయి మూతేసీసినారేమో సూడు" అంది. నాన్నతో పనిచేసే మీసాల చాచా టీకి వచ్చి దాన్ని చూశాడు. "బేటా, యే ఘడీ హై, యా ఘడీ కా డబ్బా?" అన్నాడు. గడియారమా, దాని డబ్బానా అని. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి నానమ్మ దాన్ని రాగి చెంబులతో పాటు ముందేసుకుని చింతపండూ బూడిదా పెట్టి తోముతోంది. కిలుం పట్టిందనుకుంది పాపం. లోపలికి నీళ్ళు పోలేదు గానీ, అది మెరవనూ లేదు, పైపెచ్చు గీతలు పడ్డాయి. (టైటానియంకు స్టీలంత మెరుపు రాదని, గీతలు తొందరగా పడతాయని కూడా ఆ వ్యాసంలో ఉంది. ఆ పేరా నేను ఇంట్లో చదివి వినిపించలేదు.)

నా పోరు పడలేక అత్త ఒప్పుకుంది. మావయ్య గడియారం గుడ్డలో చుట్టి ట్రంకులో పెట్టి, ఆ గీతలు పడ్డదాన్ని కట్టుకుంది. కొద్ది రోజుల్లో పొక్కులు మాడాయి, ఎరుపు తగ్గింది, చర్మం మామూలైంది. నా ఆనందం ఇంతా అంతా కాదు. నానమ్మను పిలిచి అత్త చెయ్యి పట్టుకుని చూపించాను. నానమ్మ చూసి రెండు చేతులూ జోడించింది. "సూసినావా? ఆడిది తీసీగానే తగ్గిపోనాది. నాను మొదట్నుంచీ సెప్తన్నదేటి?"

నేను చెప్పిన కారణానికీ, ఆవిడ చెప్పిన కారణానికీ సాక్ష్యం అదే చెయ్యి. ఎంతో దూరం నుంచి తెప్పించిన లోహం వచ్చి మావయ్యకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. అత్త చెయ్యి వెనక్కి తీసుకుని బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను.

"అత్తా, నీకు ఆ గడియారమే కావాలా?"

"ఇప్పుడు తెలిసిందేట్రా సైంటిస్టు బాబూ?" అంది, తీగ మీది చీర లాగుతూ.

అప్పుడు నాకు నిజంగా సైన్సు అవసరం పడింది. రాత్రి భోజనాల దగ్గర నా ప్రతిపాదన పెట్టాను. అత్త ఇంకో స్టీలు గడియారం కట్టుకోవాలి, బతికున్న మనిషిది. చెయ్యి పొక్కితే తప్పు స్టీలుది, మావయ్యది కాదు. అర్పా మాట మళ్ళీ ఎత్తకూడదు.

"మరి పొక్కకపోతే?" అంది నానమ్మ.

"పొక్కుతాది."

"పొక్కకపోతే అడుగుతన్నాను."

అత్త కంచంలోంచి తల ఎత్తకుండా, "అర్పాలో కలిపీండి" అంది.

బతికున్న మనిషి కోసం అందరూ నాన్న కేసి చూశారు. నాన్న అన్నం కలుపుతున్నవాడు ఆగి, తన స్టీలు గడియారం విప్పి అప్పగారి ముందు పెట్టాడు. బదులుగా టైటానియంది ఆయనకు వచ్చింది. మర్నాడు గేటు దాటి వెళ్ళినవాడు గడియారం మర్చిపోయానని వెనక్కి వచ్చాడు. అది చేతికే ఉంది. బరువు తెలియలేదంతే. ఆ మర్నాడు కూడా వచ్చాడు. టైటానియం గొప్పతనానికి ఇంతకంటే రుజువు ఎక్కడా చదవలేదు గానీ, ఆ సమయానికి ఇంట్లో ఎవరికీ అది పట్టలేదు. అందరి కళ్ళూ అత్త మణికట్టు మీదే. అమ్మ పొద్దున్న చూసేది, నేను సాయంత్రం చూసేవాణ్ణి, నానమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మధ్యలో చూసేది. చర్మం పాలమీగడలా ఉంది. చెమట పడితేనే దురద వస్తుందని నేను చెప్పాను. అత్త గొడుగు ఇంట్లో వదిలేసి ఆ ఎండలో ఆఫీసుకు నడిచి వెళ్ళింది. ఆదివారం పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరూ అడక్కుండా, అప్పడాలు వేయిస్తూనే ఉంది.

"ఏటే, ఇన్ని అప్పడాలు? ఎవులొస్తన్నారు?" అని నానమ్మ కేకేసింది.

"దురదొస్తాదేమోనని అత్తమ్మా" అంది అమ్మ.

నదికి ఎగువన కోటా వైపు వాన పడిందని పాలాయన చెప్పాడు. అర్పాలోకి నీళ్ళు వస్తున్నాయట. నానమ్మ పంచాంగం తిరగేసి మంచిరోజు చూడమని నాన్నకు చెప్పింది. ఆ రాత్రి నేను ఆ వ్యాసం మనసులో మళ్ళీ చదువుకున్నాను. 'కొందరి చర్మానికి' అని ఉంది. అందరికీ అని లేదు. ఆ కొందరిలో మా అత్త లేకపోతే, పత్రికవాళ్ళకేం నష్టం లేదు.

మరో రెండు మూడు రోజులకు, మధ్యాహ్నం, డ్యూటీ మధ్యలో, అత్త దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు విప్పలేదు. "వొచ్చీసింది! ఒరే, వొచ్చీసిందిరా!"

"ఎవరొదినా?" అంటూ అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవరేటి, దురద!" అని అత్త ఎడమ చెయ్యి పైకెత్తి చూపించింది. మణికట్టు చుట్టూ ఎర్రగా, గొలుసు లింకులు ఎన్నో లెక్కపెట్టేటంత స్పష్టంగా పొక్కింది. ఆమె నవ్వుతోంది. మావయ్య పోయాక అత్త అలా నవ్వడం మేమెవరం చూడలేదు. పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడ బయటికొచ్చి, "ప్రమోషన్ మిలా క్యా?" అంది, ప్రమోషన్ వచ్చిందా అని.

నానమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. కూతురి చెయ్యి వెలుతురులోకి తిప్పి, ఒక్కో పొక్కునూ వేలితో తడిమి చూసింది.

"ఇది ఎవుడి గడియారం?"

"తమ్ముడిది."

"ఆడు బాగానే ఉన్నాడు గదా."

"సెడ్డులో ఉన్నాడమ్మా."

నానమ్మ ఆ చెయ్యి వదిలింది. "అయితే అల్లుడు కాదన్నమాట" అంది.

"కాదమ్మా."

"ఆడు ఏనాడూ ఎవుల్నీ ఒక మాటన్నోడు కాదు. నానే..." అని ఆగి, కళ్ళద్దాలు తీసి పమిటతో తుడిచింది. అద్దాలకంటే ఎక్కువసేపు కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "ఆ ట్రంకు తియ్యి" అంది.

ఆ సాయంత్రమే నానమ్మ మెత్తబడిన పాత పంచె ఒకటి చింపి, రెండు మడతలు పెట్టి, మణికట్టుకు సరిపోయేలా పట్టీ కుట్టింది. అత్త ముందు ఆ పట్టీ కట్టుకుని, దాని మీద మావయ్య గడియారం పెట్టుకుంది. మళ్ళీ పొక్కలేదు. ఉతకడానికి కావాలి గనక నానమ్మ మరికొన్ని కుట్టింది. చంటిపిల్ల గుడ్డల్లా అవి పెరట్లో తీగ మీద వరసగా ఆరుతుండేవి. ఆఫీసులో ఎవరైనా అడిగితే అత్త "చెమటకి" అని చెప్పేది. నాన్న ఆ టైటానియంది తిరిగి ఇవ్వలేదు. రిటైరయ్యేదాకా అదే కట్టుకున్నాడు. అత్త విప్పి ఇచ్చేసిన ఆయన స్టీలు గడియారం నాకు వచ్చింది. అలా టైటానియం ప్రచారకుడు ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, తల నెరిసేదాకా స్టీలు గడియారంతోనే తిరిగాడు. నాకు ఎప్పుడూ దురద రాలేదు.

ఇప్పుడు ఏ ఊరి దుకాణంలో చూసినా టైటానియం గడియారాలు ఉంటున్నాయి. మొన్న ఒక దుకాణంలో అమ్మేవాడు తేలికని, ఒంటికి పడుతుందని, తుప్పు పట్టదని నాకు వివరంగా చెప్పాడు. చివరిదాకా విన్నాను. అతను చెప్పినవన్నీ నిజమే. ఒక వేసవంతా ఆ నిజాలు పట్టుకుని, అడగని మనిషి వెంట తిరిగిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వు వస్తుంది. వాడిమీద కోపం మాత్రం రాదు. నానమ్మ తర్వాత పట్టీలు అమ్మ కుట్టింది. అమ్మ తర్వాత అత్త తనే కుట్టుకునేది, చూపు ఆననప్పుడు సూదిలో దారం నన్ను ఎక్కించమనేది. పోయిన చలికాలం అత్త కూడా వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ గడియారం కింద గుడ్డ కట్టుకోరు.