నానని చింతపండు

నందిగామలో ఉప్పుకండ చెయ్యడమంటే ప్రమీలారాణే చెయ్యాలి. ఉప్పూ పసుపూ పట్టించిన మాంసం ముక్కల్ని తాడుకు గుచ్చి నాలుగు ఎండలు ఎండనిస్తుంది. దాచడం దగ్గరే ఆవిడకు అయోమయం. తల్లయితే పొయ్యి పైన తీగకు వేలాడదీసేది. కూతురు సింధూర మాత్రం, “తడి లేకుండా కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టమ్మా, పురుగు పట్టదు” అంది.

సరే, పెట్టింది. ఉల్లిపాయైనా ముట్టని పక్కింటి దుర్గాంబ ఐసు ముక్కల కోసం వస్తుంటుంది కాబట్టి, కనబడకుండా నల్ల కవర్లో చుట్టింది. పక్కనే రంగు మారకుండా పెట్టుకున్న కొత్త చింతపండు ఉంది. అదీ నల్ల కవరే.

పొద్దున దుర్గాంబ కాస్త చింతపండు అడిగితే ఒక కవరు ఇచ్చింది. మధ్యాహ్నం రెండోది విప్పి మూకుట్లో వేసింది. గడ్డకట్టిన ముక్కలు వేగకపోగా అడుగంటి మాడాయి. ఉప్పు ఎక్కువైందా, ఎండ చాలలేదా? ఫ్రీజర్ని తిట్టింది, కూతుర్ని తిట్టింది. గరిటెకు అంటింది నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా ఉంది. మాంసానికి పులుపెక్కడిది?

గోడ అవతల నుంచి దుర్గాంబ పిలిచింది.

“ప్రమీలగారూ, మీ చింతపండు ఎంతకీ నానట్లేదండీ. కుక్కర్లో పెట్టమంటారా?”