నొప్పి మందే జబ్బయినప్పుడు

ఆ రోజు విమల డ్యూటీ నుంచి కుంటుకుంటూ వచ్చింది. తొంభై మూడు వేసవి. దేశ రాజధానిలోని సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కుని, నా భార్య విమల ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో స్టాఫ్ నర్సు. ఏమైందని అడిగితే, "తొడ మీద సెగ్గడ్డ లేచిందండీ, అదే పోతుంది," అంది. మా అమ్మాయి స్వాతి ఎప్పటిలాగే ఒళ్లోకి దూకింది. విమల కేక పెట్టి పిల్లను తోసేసింది. అంతకుముందు ఎన్నడూ అలా చేయలేదు.

సాయంత్రానికి జ్వరం వణికించింది. ఆస్పత్రిలో గడ్డ కోసి చీము తీసిన సర్జన్ నన్ను బయటికి పిలిచాడు.

"యే ఇంజెక్షన్ ఆబ్సెస్ హై. సూది గుచ్చిన చోట చీము పట్టింది. మీ ఆవిడకి ఇంజెక్షన్లు ఎవరిస్తున్నారు?"

నాకు తెలియదన్నాను.

"చుట్టూ పాత మచ్చలు చాలా ఉన్నాయి. ఆవిడనే అడగండి."

అడిగాను. గోడవైపు తిరిగి చెప్పింది. ఏడాది కిందట గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు నొప్పికి పెథిడిన్ అనే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. కుట్లు మానాయి గానీ ఆ మందు మీద యావ పోలేదు. మొదట రోగులకివ్వగా మిగిలింది, తర్వాత రోగులకివ్వాల్సింది కూడా తీసుకోవడం మొదలుపెట్టింది.

రక్తపరీక్షలు చేశారు. హెచ్‌ఐవీ రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. నెగెటివ్ అన్నారు. డీ-అడిక్షన్ వార్డులో చేర్చాను. మందు ఆగేసరికి విత్‌డ్రాయల్ మొదలైంది. ఎడతెగని ఆవులింతలు, వాంతులు, ఎముకలు పిండేస్తున్నట్టు కాళ్ల నొప్పులు. "ఒక్కటి ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటాను," అని బతిమాలింది. వార్డు చూసే డాక్టర్ మేడమ్, "ఇది తగ్గిపోతుంది. అసలు పరీక్ష ఇంటికెళ్లాకే," అంది.

ఆవిడన్నట్టే అయింది. పాత నర్సింగ్ హోం వాళ్లు పరువు పోతుందని గుట్టుగా రాజీనామా చేయించారు. విమల ఘాజియాబాద్‌లో ఇంకోచోట చేరింది. కొన్ని నెలలు బాగానే ఉంది. ఒక మధ్యాహ్నం పోలీసులు నా ఆఫీసుకి ఫోన్ చేశారు. గర్భసంచి ఆపరేషనైన ఒకావిడ, ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తగ్గడం లేదని గోల పెట్టిందట. ఆరా తీస్తే, విమల ఆమెకి డిస్టిల్డ్ వాటర్ ఇచ్చి, పెథిడిన్ తను తీసుకుందని తేలింది.

స్టేషన్‌లో బెంచీ మీద యూనిఫాంలోనే కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఆవిడ ఏడుస్తుంటే నేనే చెయ్యి పట్టుకుని ఓదార్చానండీ," అంది.

బెయిల్ వచ్చాక మళ్లీ అదే వార్డులో చేర్చాను. డిశ్చార్జి అయిన వారానికే గుడ్గావ్ నుంచి పిలుపు వచ్చింది. కొత్త నర్సింగ్ హోం, నర్సుల కొరత, పాత సంగతులు అడగరు. విమల తయారైంది. చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ మాట డాక్టర్ మేడమ్‌కి చెప్పింది.

"చేరండి. మందుల అల్మారా తాళం మీ చేతికే ఇస్తారు. తర్వాత పోలీసులు, బెయిలు, ఇక్కడ బెడ్డు, ఇంకో నర్సింగ్ హోం. ఎన్నిసార్లు తిరుగుతారు, విమలా?"

"నర్సుని కాకపోతే నేనేంటి మేడమ్?"

"వో బాద్ మే దేఖేంగే. అది తర్వాత సంగతి, ముందు బతకండి."

ఇల్లు చేరాక విమల పక్కింటికెళ్లి గుడ్గావ్‌కి తనే ఫోన్ చేసి, రానని చెప్పేసింది. కోర్టులో వకీలు వద్దంటున్నా నేరం ఒప్పుకుంది. వైద్యం మానకూడదన్న షరతుతో మేజిస్ట్రేటు జైలుకి పంపకుండా ప్రొబేషన్ ఇచ్చారు.

తర్వాత ఆ ఘాజియాబాద్ రోగి ఇల్లు వెతుక్కుంటూ ఇద్దరం వెళ్లాం. ఆవిడ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి విమల చెప్పిందంతా విన్నది. లోపలికెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. "పానీ పీ లో. చాయ్ నహీ పూఛూంగీ," అంది. చాయ్ ఇచ్చేంత క్షమ ఆమె దగ్గర లేదు. న్యాయమే. వీధి మలుపు తిరిగాక విమల, "నీళ్లయినా ఇచ్చిందండీ," అని ఏడ్చింది.

ఏడాదిపాటు రోజూ పొద్దున్నే, మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మాత్ర నా చేత్తో ఇచ్చాను. వాళ్లమ్మ పోయినప్పుడు ఒకసారి మింగినట్టు నటించి పారేసింది. మర్నాడు తనే చెప్పి, నాకంటే ముందు వార్డుకి నడిచింది. ఆ తర్వాత మళ్లీ జారలేదు. ఇప్పుడు ఒక క్రెష్‌లో పసిపిల్లల్ని చూసుకుంటోంది. ఆలస్యమైతే స్వాతి, "మమ్మీ కహా రహ్ గయీ?" అంటుంది. ఒకప్పుడు ఆ ప్రశ్నకి నా గుండె గుభేలుమనేది. ఇప్పుడు, "బస్సు దొరకలేదేమోలే," అంటాను.

పోయిన చలికాలం మెట్ల మీద జారి విమల మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేట్ వెయ్యాలన్నారు. ఆపరేషనంటే మళ్లీ ఆ మందే కదా అనుకున్నాను. మత్తు డాక్టరు ఫైలు తెరిచేలోపే విమల, "సర్, నాకు పెథిడిన్ అడిక్షన్ ఉండేది. ఆ జాతి మందేదీ నాకు వద్దు," అంది. పక్కన నర్సులు వింటున్నారు. ఆయన, "అచ్ఛా కియా, బతా దియా. చెప్పి మంచి పని చేశారు," అని చేతికి మాత్రమే మత్తిచ్చాడు. తర్వాత నొప్పిని పళ్లబిగువున భరించింది. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను.

మీ ఇంట్లో ఇలాంటి జబ్బు నుంచి బయటపడినవాళ్లుంటే, పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, డాక్టరుకి ముందు ఆ సంగతే చెప్పండి. సిగ్గుపడి దాచకండి. ఈ మాట రాయమన్నది విమలే. పేరు మార్చొద్దని కూడా తనే అంది.