కొమ్ము విరిచిన చప్పుడు

పసుపు ఎండిందో లేదో తెలుసుకోవడానికి మా నిజామాబాద్ వైపు ఒక పద్ధతి ఉంది. కొమ్మును రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర విరవాలి. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగా వంగిందంటే ఇంకో నాలుగు రోజులు ఎండలో ఉండాలి. మార్కెట్ యార్డులో కొనేవాళ్లు కూడా అలాగే విరిచి చూస్తారు. నేను ఒమన్ దేశంలోని రుస్తాఖ్‌లో కూర్చుని ఈ పరీక్ష ఫోన్లో చేసేవాణ్ణి. నవ్వితే నవ్వండి.

అక్కడ నాది ఖర్జూరం తోటలో పని. ఆ ఏడు ఊళ్లో మా రెండెకరాల పసుపును నా భార్య ఒక్కతే పండించింది. విత్తనం పెట్టడం, కలుపు తీయించడం, తవ్వించడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, అన్నీ ఆమే చూసుకుంది. ఎప్పుడు అమ్మాలో చెప్పడం మాత్రం నా వంతు. ఎందుకయ్యా అంటే నేను మగాణ్ణి, పైగా నా ఫోన్లో గల్ఫ్‌లో ఉన్న మా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపు ఉంది. దుబాయ్ నుంచి ఒకడు, ఒమన్‌లోనే సహం నుంచి ఒకడు పసుపు రేటు మీద గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు. పదేళ్లుగా చేన్లో కాలుపెట్టినవాడు అందులో ఒక్కడూ లేడు.

పసుపు మంచి రేటుకు పోతే బోరు వేయించుకుని నేను ఇంటి దగ్గరే ఉండిపోవాలి. పోకపోతే జూలైలో వీసా మళ్లీ రెండేళ్లు పొడిగించుకోవాలి. ఇద్దరం అనుకున్న మాట అది.

మార్చిలో ఆమె ఫోన్ చేసింది.

"యార్డుల రేటు మంచిగుంది. అమ్ముదామా?"

"ఆగు. ఇంకా పెరుగుతదంటున్నరు."

"ఎవలు?"

"గ్రూపుల అందరు."

"గా అందర్ల ఒక్కడన్న ఈ ఏడు పసుపు తవ్విండా?"

నేను కస్సుమన్నాను. చెప్పింది వినమన్నాను. ఏప్రిల్‌లో రేటు నిజంగానే పెరిగింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. "జూసినవా? ఇంకొక్క వారం ఆగు" అన్నాను. "నీ ఇష్టం" అంది ఆమె. ఆ వారంలోనే రేటు జారడం మొదలుపెట్టింది. అయినా నాకు బుద్ధి రాలేదు. ఇంత కష్టపడి పండించిన పంటను తక్కువకు ఇవ్వబుద్ధి కాలేదు. ఎక్కువకు అమ్మే రోజును నేనే పోగొట్టానని ఒప్పుకోబుద్ధి కాలేదు.

రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే ఫోన్ చేసేవాణ్ణి.

"ఒక కొమ్ము ఇరువు, ఇంట."

టక్.

"మంచిగుంది. మెత్తవడలే. ఆగు."

బస్తాలు చూపించమంటే మాత్రం అర్రలో చీకటి ఉందనేది, కరెంటు పోయిందనేది. మా ఊరి కరెంటు సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి నమ్మాను.

జూన్‌లో తోటలో ఖర్జూరం ఉడకబెట్టే పని మొదలైంది. కాయలు ఇంకా గట్టిగా, పసుపుపచ్చగా ఉండగానే కోసి, పెద్ద రాగి పాత్రల్లో ఉడికించి, ఎండబెట్టి ఇండియాకు పంపుతారు. పాత్రలోంచి ఆవిరి లేస్తుంటే నాకు మా పసుపు పొయ్యి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది. మా అర్బాబ్, అంటే తోట యజమాని, ముసలాయన. రోజూ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని ఏం వింటావని ఒకరోజు అడిగాడు. స్పీకర్ పెట్టి వినిపించాను. టక్. ఆయన తలూపి, "అచ్ఛా హై, రఫీక్" అన్నాడు, ఏదో పాట విన్నట్టు. అక్కడ పనివాళ్లందరినీ రఫీక్ అనే పిలుస్తారు, నేస్తమని. ఆ తర్వాత నేను ఫోన్ తీస్తే చాలు, ఆయన కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు.

ఊళ్లో వానలు పడ్డాయి. రేటు ఇంకా కిందికి పోయింది. అర్బాబ్ వీసా కాగితాలు తెచ్చి, రేపటికల్లా సంతకం చేసి ఇవ్వమన్నాడు. ఆ సాయంత్రం నేను కొమ్ము విరవమనలేదు.

"రేటు ఇగ లేవదు. నాదే తప్పు. రేపు సంతకం పెడ్తున్న" అన్నాను.



"పెట్టకు" అంది.

"పెట్టక ఏం జేయాలె? పసుపు అట్లనే ఉండె."

"పసుపు లేదు."

"పుచ్చిందా?"

"అమ్మిన. నువ్వు ఇంకొక్క వారం ఆగుమన్నవ్ జూడు, ఆ తెల్లారే ట్రాక్టర్ల ఏస్కొని యార్డుకు తీస్కపోయిన. మంచి రేటే వచ్చింది."

సంతోషించాల్సిన మాటే. కానీ నాకు ముందు కోపమే వచ్చింది. రెండు నెలలుగా లేని పసుపుకు నేను రేటు చూస్తున్నాను.

"మరి రోజు ఇరిసిందేంది? నన్ను పిచ్చోన్ని జేసినవా?"

"ఒక ముల్లె ఉంచిన, నువ్వు అడుగుతవని" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. "చెప్పుదామని రోజు అనుకున్న. టక్కుమంటె ఇని మంచిగుంది అంటవ్ జూడు, గప్పుడు నువ్వు మన చేన్లనే ఉన్నట్టు అనిపిస్తది. అమ్మిన్నని చెప్తే గది బందయితదని చెప్పలే. ఎట్లయిన జూలైల వస్తవ్ కదా, వచ్చినంక కొడితె కొడ్తవ్ తిడితె తిడ్తవ్ అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. పక్కన అర్బాబ్ కూర్చుని ఉన్నా ఆపుకోలేదు. అంత పంట ఒంటి చేత్తో తీసి, సరైన రోజున అమ్మి, నా రైతుతనం పోకూడదని ముల్లె ఒకటి దాచిన మనిషిని నేను కస్సుమన్నానే అని సిగ్గేసింది. సంతకం చేయకుండానే కాగితాలు ఆయన చేతిలో పెట్టి "ఖలాస్, ఘర్ జాతా హూఁ" అన్నాను, ఇక చాలు, ఇంటికి పోతున్నానని. ఆయన వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫోన్లో ఆమె ఇంకా ఉంది.

"ముల్లెల ఎన్ని కొమ్ములు మిగిలినయ్?" అనడిగాను.

"రెండో మూడో. ఇయ్యాలటిది ఇరువాల్నా?"

"వద్దు, ఉంచు. వచ్చి నేనే ఇరుస్త" అన్నాను.