చెప్పాల్సిన మాట

కంపెనీలు పెంచేవాళ్లను ఎప్పుడైనా చూశావా నానమ్మా అని ఫోన్లో అడిగావు కదా చిన్నీ, ఒకాయన్ని చూశాను. కరీంనగర్ నుంచి వచ్చే ఖానాపూర్ బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. రంగుల రసాయనాల కంపెనీ ఆయనదే.

"కొత్త ట్యాంకు కొనకుండనే మాలు రెండింతలు తీసిన. అందరు శభాష్ అన్నరు. విషగాలి పోకముందే ట్యాంకు కడగమన్నది నేనే. కడగ దిగినోడు అండ్లనే పాయె. వాళ్లవ్వ దగ్గరికే పోతున్న. తప్పు నాదని ఆమెకు తెల్వది. చెప్పాల్నా అమ్మా?"

"చెప్పు బిడ్డా. తిడితే పడు. లేచేటప్పుడు పోయొస్త అనకు, చావింట్ల గట్లనరు."

"మరేమనాలె?"

"ఏమనకుంట లేవాలె."

తలూపి, ఆ తల్లి ఉండే ఊరొస్తే దిగాడు. బస్సు కదిలాక చూస్తే, ఊళ్లోకి పోకుండా రోడ్డు దాటి, కరీంనగర్ బస్సులు ఆగేచోట నిలబడ్డాడు.

ఆ తల్లికి ఎవరైనా చెప్పారా, చిన్నీ?