అన్ని ఊళ్లూ వినే ఒముర్జాక్

ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడగల యంత్రాన్ని ఇంట్లో పెట్టుకుని, పదకొండేళ్లలో ఒక్కరితోనూ మాట్లాడని మనిషి ఒముర్జాక్. అది హామ్ రేడియో. దానికి లైసెన్సు ఉంది, మైకు ఉంది, పెరట్లో పాప్లర్ చెట్ల మధ్య ఎనభై మీటర్ల రాగితీగ ఉంది. కావాలంటే జపాను వాడిని నిద్రలేపి కుశలం అడగవచ్చు. ఆయన మాత్రం సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలి, ఉన్ని టోపీ మీదే హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఏ ఊరివాళ్లో తమ ఊరివాళ్ల కోసం నడుపుకునే మామూలు ఏ.ఎం. స్టేషన్లు వింటూ కూర్చుంటాడు.

కిర్గిజ్ కొండల్లోని వాళ్ల ఊరు సారీ-బులాక్‌లో ఉత్తరాలు పంచే, ఆయన్ని అన్నగా బైకే అని పిలిచే షైర్‌గుల్ ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"ఒముర్జాక్ బైకే, ఇంత యంత్రం పెట్టుకుని ఒక్క మాటైనా మాట్లాడవేం?"

"కొండమీద వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఏళ్లు నేనే చెప్పాను చెల్లెమ్మా. గాలి ఇంత, మంచు ఇంత అని. ఇప్పుడు వాళ్లు చెబుతున్నారు. మధ్యలో దూరితే ఏం బాగుంటుంది?"

ఆయన్ని "ఎలా ఉన్నావు" అని అడిగితే "ఉరుమ్చీలో మంచు కురుస్తోంది" అంటాడు. ఒక పెళ్లిలో పెద్దవాడని ఆశీర్వదించమంటే, దోసిలి పట్టి, "పిల్లలు సుఖంగా ఉండాలి. మషద్‌లో ద్రాక్ష కాపు బాగుంది" అన్నాడు. ఏదో మంచిమాటే కదా అని అందరూ తథాస్తు అన్నట్టు "ఓమిన్" అని ముఖాలు తడుముకున్నారు.

"ఆ భాషలన్నీ నీకొచ్చా?" అని అడిగింది షైర్‌గుల్.

"రావు. ధరలు చెప్పేవాడి గొంతు ఏ దేశంలోనైనా ఒకటే. కాపు బాగుంటే వాడు తొందరపడడు."

ఇక ఆయన భార్య బేగిమైకి ఆ రాగితీగ బట్టలు ఆరేయడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. గోల మాత్రం తప్పేది కాదు.

"బేగిమై, నీ పరుపు గలీబు వల్ల ఉలాన్‌బాతర్ పోయింది."

"పోతే పోనీ. ఉలాన్‌బాతర్ వచ్చి నా బట్టలు ఉతుకుతుందా?"

ఆయన పేరున వచ్చినన్ని ఉత్తరాలు జిల్లా అధికారికి కూడా రావు. మీ ప్రసారం వినిపించింది అని ఈయన రాస్తే, స్టేషన్ల వాళ్లు రంగురంగుల కార్డులు పంపేవారు. వాటి మీద సముద్రం, ఒంటెలు, ఎత్తైన స్తంభాలు. షైర్‌గుల్ వాటిని సంచిలోంచి తీసి, ఇచ్చేముందు దారిలో ఒకసారి ఆగి చూసుకునేది. ఆమెకు ఉత్తరాలు రాసేవాళ్లు ఎవరూ లేరు. ఇరవై ఆరేళ్లుగా అందరి కబుర్లూ మోసింది, తన పేరున్న కవరు మాత్రం సంచిలో ఎప్పుడూ పడలేదు.

ఆ ఫిబ్రవరిలో ఒముర్జాక్ పంపిన కవరు ఒకటి చిరునామా దొరక్క వెనక్కి వచ్చింది. దారిలో ఎక్కడో తడిసి అంచు విడిపోయింది. చేతిలోకి తీసుకోగానే లోపలి కాగితం షైర్‌గుల్ కాళ్ల మీద పడింది. పై సగంలో సిరా అంతా కరిగిపోయింది. కింది సగం మాత్రం స్పష్టంగా ఉంది. అందులో నలభై మూడు పేర్లు, ఒక్కోదాని పక్కన పుట్టిన తేదీ. అన్నీ ఈ ఊరివాళ్లవే. మొదటి పేరు ఆమెదే.

ఆమె కాగితం గబగబా మడిచింది. ఆయన ఎప్పుడో టీ పోస్తూ "ఏ రోజున పుట్టావు చెల్లెమ్మా" అని అడగడం, వాతావరణ కేంద్రం పాత రిజిస్టరు తిరగేసి "ఆ పొద్దున పన్నెండు సెంటీమీటర్ల మంచు, మధ్యాహ్నానికి ఎండ" అని చెప్పడం గుర్తొచ్చాయి. ఊరందరినీ అలాగే అడిగాడు. ఎందుకు? ఆలోచించినకొద్దీ భయం ఎక్కువై, ఆ కాగితం తీసుకెళ్లి గ్రామపెద్ద జెక్షెన్ బల్లమీద పెట్టింది.

జెక్షెన్ కళ్లజోడు పెట్టుకుని ముందు తన పేరు వెతుక్కున్నాడు.

"పంతొమ్మిదోదా?" అన్నాడు ముఖం ముడుచుకుని. "పద. అడుగుదాం."

వీళ్లిద్దరూ బయలుదేరితే దారిలో ఇంకో పదిమంది కలిశారు. ఒముర్జాక్ గొర్రెలకు గడ్డి వేస్తున్నాడు.

"ఊరందరి పుట్టినరోజులూ విదేశాలకు ఎందుకు పంపుతున్నావు?" అన్నాడు జెక్షెన్.

ఒముర్జాక్ కాగితాన్ని చూశాడు, షైర్‌గుల్‌ను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ పదకొండో తారీకు కదా?"

"అడిగినదానికి చెప్పు. లేకపోతే రేపే ఆ తీగ దింపించేస్తాను. లైసెన్సు రద్దు చేయమని పైవాళ్లకు రాస్తాను."

"పొద్దు కొండ వెనక్కి దిగనీ. అప్పటిదాకా టీ తాగండి."

బేగిమై గొణుక్కుంటూనే బోర్సోక్ అనే పిండి ముక్కలు వేయించి తెచ్చింది. షైర్‌గుల్ ఒక్కటి తీసుకుని, మళ్లీ పళ్లెంలోనే పెట్టేసింది. పదకొండేళ్లుగా తలుపు తట్టినప్పుడల్లా టీ పోసిన ఇల్లు అది.

ఒముర్జాక్ హెడ్‌ఫోన్ ఊడదీసి స్పీకరు పెట్టాడు. మొదట ఉత్త హోరు. పడమటి వెలుగు తగిలి తూర్పు కొండ ఎర్రబడి, బూడిదరంగుకు తిరిగింది. అప్పుడు హోరు అడుగునుంచి ఒక గొంతు లేచింది. దాని పక్కనే ఇంకొకటి. ఆయన మర కొద్దిగా తిప్పగానే తంబురలాంటి మోత, మళ్లీ తిప్పితే ఎక్కడో పిల్లలు పాఠం అప్పజెబుతున్నారు, మళ్లీ తిప్పితే ఒకడు తీరిగ్గా ధరలు చదువుతున్నాడు. పగలంతా ఎక్కడ దాక్కున్నాయో, ఇన్ని ఊళ్లు ఆ చిన్న గదిలోకి నడిచొచ్చాయి. జెక్షెన్ చేతిలో టీ గిన్నె చల్లారిపోయింది.

ఒక చోట ఒముర్జాక్ చెయ్యి ఆగింది. పాట అయిపోయింది. ఒక స్త్రీ పారశీకంలో గలగలా మాట్లాడుతోంది. గొంతు మునిగింది, తేలింది. ఉన్నట్టుండి ఆ మాటల మధ్యనుంచి, "కిర్గిజిస్తాన్... సారీ బులాఖ్... షైర్-ఘూలే ఖానుమ్..."

తర్వాత ఇంకో పాట మొదలైంది.

షైర్‌గుల్ స్పీకరు దగ్గరికి జరిగింది. "నన్నేనా?"

"నిన్నే. పుట్టినరోజు కదా" అన్నాడు ఒముర్జాక్ నేలచూపులు చూస్తూ. "మీ ప్రసారం ఇంతదూరం వినిపించిందని రాస్తే వాళ్లకు సంతోషం. ఏం పంపమంటావు అంటారు. ఒక పేరు చదవండి చాలు అంటాను. ఏ రోజు చదువుతారో కార్డు మీద రాస్తారు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం బైకే?"

"ఒక్కోసారి ఏమీ వినిపించదు చెల్లెమ్మా. ఎదురుచూసి వినిపించకపోతే బాధ కదా. అందుకని మీ అందరి బదులూ నేనే వింటున్నాను."

"మొట్టమొదట రాసింది నీ పేరే" అంది బేగిమై. "తనకంటూ ఒక్క ఉత్తరమైనా రాని మనిషి అని."

జెక్షెన్ గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు చదివారా?"

"మే నెలలో. ఉలాన్‌బాతర్ వాళ్లు. అప్పుడు ఉరుములు, సగమే వినిపించింది."

"ఏ సగం?"

"జెక్."

అందరూ ఒక్కసారి నవ్వారు. జెక్షెన్ కూడా నవ్వాడు గాని, "ఈసారి గ్రామపెద్ద అని కూడా రాయి. అదైనా వినిపిస్తుంది" అన్నాడు. మూల కూర్చున్న ముసలమ్మ ఒకావిడ తన వయసు అయిదేళ్లు తగ్గించి చదివించమంది. ఒముర్జాక్ కొత్త కాగితం తీశాడు.

షైర్‌గుల్ ఇంటికి బయలుదేరింది. కాళ్లకింద మంచు కరకరలాడుతోంది. యాభై రెండేళ్లుగా జనం పిలుస్తున్న పేరే, కానీ అందులో అంత పొడుగు రాగం ఉందని ఆమెకు ఇవాళే తెలిసింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, "షైర్-ఘూలే" అంది మెల్లగా. సరిగ్గా రాలేదు. ఇంకోసారి అంది. మూడోసారికి ఎవరింటి కుక్కో తోక ఊపుకుంటూ కంచె దగ్గరికి వచ్చి నిలబడింది.