నాగేంద్రప్ప గుద్ది చూసిన జీపు

గుద్ది చూడనిదే నాగేంద్రప్ప మామ దేన్నీ నమ్మడు. బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆయనది కిరాణా అంగడి, దాని పక్కది మా గుడ్డల అంగడి. మామ అంటానే గాని చుట్టరికమేమీ లేదు. రెండు అంగళ్ళకూ గోడ ఒకటే అయితే వరసలు వాటంతట అవే కలుస్తాయి. ఎవరైనా ఏ సరుకైనా చూపించి "గట్టిదప్పా" అన్నారంటే చాలు, మామ కళ్ళజోడు పైకి తోసి "గుద్ది చూసినావా?" అనేవాడు. లేదంటే తానే ఆ పనికి పూనుకునేవాడు.

ఒకసారి హెల్మెట్ కొనడానికి పోయాడు. దానికి సరిపడే బూడిదగుమ్మడికాయ ఒకటి ఇంటి నుంచే సంచిలో తీసుకుపోయాడు. కాయకు హెల్మెట్ తొడిగి, పట్టీ బిగించి, అంగడివాడు అరుస్తుండగానే మేడ మీది నుంచి వదిలేశాడు. అంగడివాడు పరుగున పోయి చూసి పొంగిపోయాడు.

"చూడప్పా! గీత కూడా పడలేదు!"

మామ పట్టీ విప్పాడు. లోపల కాయ నాలుగు చెక్కలై ఉంది.

"టోపీ బాగుండాది. తలకాయ పోయింది. నాకు తలకాయ కావాలప్పా" అని మామ చెక్కలు సంచిలో వేసుకుని వచ్చేశాడు. ఆ రాత్రి మా ఇంట్లో గుమ్మడికాయ పులుసు.

ఆ తర్వాత బజారులో ఆయన నడిచి వస్తుంటే అంగళ్ళవాళ్ళు గాజు సామాను లోపల పెట్టుకునేవాళ్ళు. ప్లాస్టిక్ కుర్చీలమ్మే అతనైతే "మీరు నిలబడే మాట్లాడండప్పా, కోటి దండాలు" అని చేతులు జోడించేవాడు.

మా చెల్లెలి బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు ఇంటినిండా ముత్తయిదువలు. పాట ఎత్తుకోబోతుండగా మామ ఒక రాగుల మూట భుజానేసుకుని వచ్చి ఉయ్యాలలో పడేసి ఊపాడు. దూలంలోని కొక్కెం ఊడి, మూటతో సహా ఉయ్యాల దబ్బున నేలకు కొట్టుకుంది. రాగులు వాకిలిదాకా పారాయి. "శుభమా అంటే ఈ అపశకునమేందప్పా!" అని ఆడవాళ్ళంతా ఆయన్ను తిట్టిపోశారు. కొక్కెం మార్చి బిడ్డను పడుకోబెట్టారు గాని, ఆ మూట స్థానంలో బిడ్డ ఉంటే ఏమయ్యేదో ఎవరూ మాట్లాడలేదు. మామ రాగులు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఇది పుట్టుకతో వచ్చిన పిచ్చి కాదు. మామ భార్య అంబుజమ్మత్త పోయాక పట్టుకుంది.

గనులు ఒక్కొక్కటిగా మూతబడుతున్న కాలమది. పేటలో బేరాలు పడిపోయి, మామ ఒక పాత జీపు కొని పల్లెలకు సరుకు పంపడం మొదలుపెట్టాడు. జయరాం అనే కుర్రాడు డ్రైవరు. ఒకనాడు అత్త నంగలిలో తన చెల్లెలి సీమంతానికి అదే జీపులో వెనక బెంచీ మీద కూర్చుని బయలుదేరింది. దారిలో దూడ ఒకటి అడ్డమొస్తే జయరాం బ్రేకు తొక్కి పక్కకు తిప్పాడు. జీపు రోడ్డు పక్క మోరీ గోడను తాకింది. గోడకున్న సున్నం బంపరుకు అంటింది, జీపుకు జరిగింది అంతే. అత్త మాత్రం ముందుకు పడి, డ్రైవరు సీటు వెనకున్న ఇనపకడ్డీకి తల కొట్టుకుని అక్కడే ప్రాణం విడిచింది.

పోలీసులు జయరాంను వదిలేసినా బజారు వదల్లేదు. ముఖ్యంగా ఆకువక్కల దొడ్డయ్య. మనిషి గుండ్రంగా ఉంటాడు, నోట్లో తాంబూలం, దాని మధ్య నుంచే తీర్పులు.

"మెల్లగా పోతే మనిషి చస్తాదా? గాలిలో తోలుంటాడు. బండి చూడు, గుండు మాదిరి ఉండాది. గట్టిది కాబట్టి నిలిచింది."

ఆ మాట పేటంతా పాకింది. జయరాం చేతికి స్టీరింగు ఇచ్చే నాథుడే లేకపోయాడు. వాడు మండీలో మూటలు మోయడానికి కుదిరాడు. మామ ఎదురైతే వేరే సందులోకి తిరిగిపోయేవాడు. ఒకరోజు మా అంగడిలో గుడ్డల బేళ్ళు దించి, నీళ్ళు తాగుతూ నాతో అన్నాడు:

"నేను వేగంగానే పోయినానేమో అన్నా. నాకు అట్ల గుర్తు లేదు. కానీ అందరూ అంటా ఉండారు గదా."

తాను చేయని తప్పును వాడు మెల్లగా ఒప్పేసుకుంటున్నాడు.

మామ మాత్రం వాణ్ణి తిట్టలేదు, మంచీ చెప్పలేదు. జీపును గోడౌన్‌లో పెట్టి టార్పాలిన్ పట్టా కప్పేశాడు. కనబడ్డదాన్నల్లా గుద్దుతూ తిరిగాడు.

ఆ యేడు ఆయుధపూజనాడు బజారులో బండ్లన్నీ కడిగి పూలు కట్టారు. ప్రతి బండి ముందూ దిష్టికి గుమ్మడికాయ పగులుతోంది. మామ గోడౌన్ తలుపు తీసి జీపు బయటికి తోయించాడు. దొడ్డయ్య సంబరపడిపోయాడు.

"కాయ కొట్టి అమ్మేస్తావా నాగేంద్రప్పా?"

"మీరంతా కాయను బండి ముందర కొడతారు. నేను లోపల కూర్చోబెడతా" అన్నాడు మామ.

జీపును తోసుకుంటూ సైనైడ్ దిబ్బ వాలు మీదికి చేర్చారు. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి పోసిన తెల్లటి గుట్ట అది. దాని వాలు కింద పాడుబడిన రాతిగోడ ఉంది. వినోదం చూడ్డానికి బజారులో సగం మంది వెంట నడిచారు. మామ నన్ను పక్కకు పిలిచి, "జయరాంను పిల్చుకోని రా. వాడు లేకపోతే ఇదంతా దండగ" అన్నాడు. వాడు వచ్చాడు గాని, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తారనుకుని నా వెనకే నక్కాడు.

మామ కాయలు ఎక్కించాడు. ముందు సీట్లోది తానట. దాని పక్కది దొడ్డయ్యట. "నేనేంటికప్పా!" అని దొడ్డయ్య మొత్తుకుంటే అందరూ నవ్వారు. వెనక బెంచీ మీద పెట్టిన కాయ ఎవరో మామ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

"దొడ్డయ్యా, జీపు పక్కనే నడుస్తా రా. నిన్ను దాటిపోతే చెప్పు" అన్నాడు మామ.

గేరు తప్పించి తోశారు. జీపు వాలులో మెల్లగా దొర్లింది. దొడ్డయ్య పంచె ఎగగట్టి, తాంబూలం నములుతూనే దాని పక్కన గునగునా నడిచాడు. జీపు గోడకు తగిలింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. కానీ వెనక బెంచీ లేచి ముందుకు దూసుకొచ్చింది. దాని మీది కాయ ఇనపకడ్డీకి కొట్టుకుని ముక్కలైంది.

"నిన్ను దాటిందా?" అన్నాడు మామ.

"లేదప్పా" అన్నాడు దొడ్డయ్య. నమలడం మానేశాడు.

"బండికేమైంది?"

దొడ్డయ్య వంగి బంపరు తడిమాడు. "ఏమీ కాలేదు."

"బండి గట్టిదే. అది కొంచెం కూడా నలగల్యా. దెబ్బంతా లోపలికి పంపించింది." మామ బెంచీ కాళ్ళు చూపించాడు. "బోల్టులు యాడ ఉండాయి? మూటలు ఎక్కువ పట్టాలని తీయించింది నేను. కొబ్బరితాడుతో కట్టించింది నేను. వీడు మెల్లగానే పోయినాడు. ఇంగ వీణ్ణి ఎవరన్నా ఏమన్నా అంటే నన్ను అన్నట్లే."

"ఈ మాట ముందే చెప్పుంటే అయిపోయేది గదా మామా" అన్నాను.

"పెండ్లాం పోయినోడి పిచ్చిమాట అని కొట్టిపారేసుంటారు. అయినా, ముందు నాకు ధైర్యం రావాల గదప్పా."

జయరాం నేల మీద కూలబడి ఏడ్చాడు. మామ వాడి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. భార్య చావును తన నెత్తిన వేసుకుని, అందరి ముందూ వాణ్ణి విడిపించాడు.

బెంచీకి బోల్టులు పడ్డాయి, సీట్లకు పట్టీలు వచ్చాయి, కడ్డీకి దూదిదిండు చుట్టారు. తాళం ఇస్తే జయరాం తీసుకోలేదు. మామ దాన్ని స్టీరింగు మీద పెట్టేసి, తాను పోయి వెనక బెంచీ మీద కూర్చుని పట్టీ బిగించుకున్నాడు. నన్నూ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నంగలిలో మరదలి ఇంట్లో నామకరణం. పోనీ."

జయరాం చివరికి ఎక్కాడు. మెల్లగా బండి కదిలించాడు. బజారు దాటేలోపల ఒక తోపుడుబండి మమ్మల్ని దాటిపోయింది. తర్వాత ఒక ముసలమ్మ దాటింది. ఇక మామ వల్ల కాలేదు.

"ఏమప్పా జయరామా, నన్నేమన్నా ఊరేగిస్తా ఉండావా? కొంచెం తొక్కు! మనం పోయేలోపల ఆ బిడ్డకు పెండ్లయిపోతాది!"

జయరాం నవ్వుతూ గేరు మార్చాడు.